షెల్టర్‌లో ఎవరూ అడగని కుక్కకు నిలకడైన ఇల్లు వెతకడం ఎలా? నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

షెల్టర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది కుక్కపిల్లల్ని. అవి లేవంటే ల్యాబ్రడార్ ఉందా, పొమేరియన్ ఉందా అంటారు. నాలుగైదేళ్లు దాటిన నాటు కుక్క, నల్లది, ఆడది, కాలు కుంటేది, ఒక కన్ను పోయినది, మనిషిని చూస్తే మూలకు నక్కేది... వీటి ముందు ఎవరూ ఆగరు. వాటి వయసంతా షెల్టర్ ఇనప జాలీ వెనకే గడిచిపోతుంది. ఇలాంటి కుక్కలకు ఇళ్లు లేవా అంటే ఉన్నాయి. కాకపోతే ఒక్కో కుక్కకు సరిపోయే ఇల్లు ఒక్కోటిగా వెతకాలి.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. కుక్క మీద జాలి పుట్టించి ఇల్లు వెతక్కూడదు, కుక్క సంగతి ఉన్నదున్నట్టు చెప్పి వెతకాలి. జాలిపడి తీసుకెళ్లినవాళ్లకు ఆ జాలి మొదటి ఇబ్బంది దాకానే ఉంటుంది. లోపాలన్నీ విన్నాక కూడా "సరే, ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగినవాళ్లు నిలబడతారు. కింద చెప్పే పద్ధతంతా అలాంటివాళ్లను పట్టుకోవడానికే.

1. ముందు కుక్క సంగతి మీకు తెలియాలి

షెల్టర్‌లో కనిపించే కుక్క వేరు, ఇంట్లో కనిపించే కుక్క వేరు. చుట్టూ పాతిక కుక్కలు మొరుగుతుంటే ఎంత నెమ్మదైన కుక్కైనా జాలీ మీదికి దూకుతుంది, లేదా వెనక గోడకు అతుక్కుపోతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు మొదటిదాన్ని "కరుస్తుందేమో" అనుకుంటారు, రెండోదాన్ని "జబ్బుదేమో" అనుకుంటారు. అందుకని దాన్ని బయటికి తీసుకెళ్లి చూడాలి. ఊరి చివర కొత్త లేఅవుట్లలో పొద్దున్నే జనం ఉండరు, ఆ రోడ్లు బాగుంటాయి. చైను వదులుగా పట్టుకుని దాని వెంట మీరు నడవండి. కొన్నాళ్లు ఇలా తిప్పితే అసలు కుక్క బయటపడుతుంది.

ఒక నోటుబుక్ పెట్టుకుని చూసినవి రాయండి. పక్కన బైక్ స్టార్ట్ చేస్తే ఏం చేస్తోంది? కూరగాయల బండి మైకు వినిపిస్తే? వంటింట్లో స్టీలు పళ్లెం కింద పడ్డ చప్పుడు మన ఇళ్లలో రోజూ ఉండేదే, ఒకసారి కాస్త దూరంలో పళ్లెం జారవిడిచి చూడండి. ఉలిక్కిపడటం తప్పు కాదు, ఉలిక్కిపడ్డాక ఎంతసేపట్లో తేరుకుంటుందన్నదే ముఖ్యం. అర నిమిషంలో వచ్చి పళ్లెం వాసన చూసే కుక్క పిల్లలున్న ఇంట్లోనూ ఇమడగలదు. పావుగంటైనా తోక కాళ్ల మధ్య నుంచి తీయకపోతే దానికి సద్దుమణిగిన ఇల్లు కావాలి.

గిన్నెలో అన్నం తింటున్నప్పుడు మీరు దగ్గర్లో నడిస్తే దాని ఒళ్లు బిగుసుకుంటోందా? కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తోందా? పెదాలు పదేపదే నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం కూడా టెన్షన్‌కు గుర్తులే. చాలామంది వీటిని ముద్దు చేష్టలనుకుని చెయ్యి చాపుతారు. కోళ్లను, మేకలను చైనుతోనే, బాగా దూరం నుంచి చూపించండి. పల్లెటూళ్లో ఇచ్చే పనైతే ఈ ఒక్క పరీక్ష మాత్రం వదలకండి. పక్కింటి కోడిని పట్టిన కుక్క తిరిగి షెల్టర్‌కు రావడం అటుంచి, ఊళ్లో ప్రాణాలతో ఉండటమే కష్టం. మెట్లెక్కుతుందా, ఆటోలో కూర్చుంటుందా, ఒంటరిగా ఉంచితే ఎంతసేపు ఊరుకుంటుంది అన్నవి కూడా చూసి రాసుకోండి.

2. ఆరోగ్యం, ఫైలు

"మీరు తీసుకెళ్లాక చేయించుకోండి" అన్న మాట రాకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్ లాంటి ప్రాణాంతక జబ్బులు రాకుండా వేసే సెవెన్ ఇన్ వన్ టీకా, నులిపురుగుల మందు, ఇవన్నీ ఇచ్చే ముందే అయిపోవాలి. "ఆడకుక్క వద్దు, ఈనితే ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు" అని మన దగ్గర ప్రతి ఇంట్లో అంటారు. ఆపరేషన్ అయిందని డాక్టరు కాగితం చూపిస్తే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. వీధికుక్కలకు ఆపరేషన్ చేసినప్పుడు చెవి అంచు కొద్దిగా కత్తిరిస్తారు. అది గాయం కాదని కూడా వివరంగా చెప్పండి, లేకపోతే తెగిన చెవి చూసి వెనక్కి తగ్గేవాళ్లుంటారు.

మన వైపు పిడుదుల బెడద ఎక్కువ. పిడుదు జ్వరం లోపల దాగి ఉండి, ఇల్లు మారిన ఒత్తిడిలో బయటపడొచ్చు. తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, ఇవీ దాని లక్షణాలు. ఇచ్చే ముందు రక్త పరీక్ష చేయిస్తే కొత్త ఇంటివాళ్లు మొదటి నెలలోనే ఆస్పత్రుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది. విరిగి వంకరగా అతుక్కున్న ఎముకలు, కంటి ఆపరేషన్లు లాంటి పెద్ద వాటికి తిరుపతిలోని పశువైద్య కళాశాల ఉంది. మామూలు టీకాలకు ఊళ్లోని ప్రభుత్వ పశువైద్యశాల చాలు. జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన రోజు) నాడు అక్కడ కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు, ఆ సంగతి తీసుకెళ్లేవాళ్లకు కూడా చెప్పి ఉంచండి.

ఈ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి కుక్కతోపాటే ఇవ్వాలి. మీరు వెతికేది షెల్టర్ కుక్కకు కాక మీ వీధిలోని కుక్కకైతే ఇంకో మెట్టుంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో వీధికుక్కను దత్తత తీసుకోదలచినవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చనీ, తీసుకున్న కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వాళ్లదేననీ ఉంది. మీ మున్సిపల్ ఆఫీసులో అడిగి ఆ దరఖాస్తు పెట్టించండి.

3. ఫొటో, వీడియో, రాత

నల్ల కుక్కలు ఎవరికీ కనపడకుండా పోవడానికి సగం కారణం ఫొటోలే. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే నల్లటి ముద్ద తప్ప ముఖం తెలియదు. పొద్దున ఏడులోపు, నీడలో, లేత రంగు గోడ ముందు, మీరు కింద కూర్చుని దాని కళ్ల ఎత్తులో ఫోన్ పెట్టి తీయండి. జాలీ కనపడకూడదు. మెడలో ఓ ఎర్ర బెల్టో పసుపు బెల్టో వేస్తే ముఖం తేలి కనిపిస్తుంది. లోపం ఉంటే దాన్నీ ఒక ఫొటోలో స్పష్టంగా చూపించండి. ఇంటికొచ్చి చూసుకుని "ఇలా ఉందని చెప్పలేదే" అనే పరిస్థితి రానివ్వకండి.

ఫొటోకన్నా వీడియో మేలు. ఒక నిమిషంలోపు చాలు. కుంటి కాలుతోనే మెట్లెక్కడం, పిలిస్తే రావడం, తినేటప్పుడు మనిషి పక్కన నిలబడ్డా నెమ్మదిగా తినడం చూపించాలి. ఏడుపు సంగీతం పెట్టకండి. ఆ పాట విని ఫోన్ చేసినవాళ్లకు కుక్క సంగతి వినే ఓపిక ఉండదు.

రాత ఇలా ఉంటే సరిపోతుంది:

"పేరు కర్రి. నాటు కుక్క, ఆడది, నలుపు. వయసు సుమారు 5 ఏళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకాలన్నీ అయ్యాయి, కాగితాలున్నాయి. కుడి వెనక కాలు కుంటుతుంది, నొప్పి లేదు, మెట్లెక్కుతుంది. కొత్త మనిషి దగ్గరకు రావడానికి రెండు మూడు రోజులు తీసుకుంటుంది, వచ్చాక వదలదు. ఉరుములకు, టపాకాయలకు బాగా భయపడుతుంది. కోళ్లను తరుముతుంది, కోళ్లున్న ఇంటికి ఇవ్వం. చిన్న పిల్లలున్న ఇంటికన్నా పెద్దవాళ్లుండే ఇల్లు నయం. రోజంతా కట్టేసి ఉంచే చోటికి ఇవ్వం. మీ ఇంటికి వచ్చి చూసి, మాట్లాడాకే ఇస్తాం."

ఇన్ని షరతులు రాస్తే ఎవరు అడుగుతారని సందేహం వస్తుంది. తక్కువమందే అడుగుతారు. మీకు కావలసింది కూడా ఒక్క ఇల్లే.

4. ఎవరి చెవిన వేయాలి

వాట్సాప్ గ్రూపులో పెట్టగానే దండాల బొమ్మలు, ఏడుపు బొమ్మలు వరసగా వస్తాయి, ఇల్లు మాత్రం రాదు. ఆ పోస్టు పెట్టండి, కానీ దాని మీదే ఆధారపడకండి.

మొదట వెళ్లాల్సింది పశువుల డాక్టర్ల దగ్గరికి. ఈ మధ్య ఎవరింట్లో ముసలి కుక్క చనిపోయిందో వాళ్లకు తెలుస్తుంది. పద్నాలుగు పదిహేనేళ్లు ఒక కుక్కను సాకి, చివర్లో ఎత్తుకుని ఆస్పత్రికి తిప్పినవాళ్లకు నిలకడ గురించి మనం కొత్తగా చెప్పేదేమీ ఉండదు. వాళ్లు "ఇంక కుక్కను తెచ్చుకోం" అంటారు. బలవంతం చేయకండి, మీ నంబరు డాక్టరు దగ్గర ఉంచండి. కొన్ని నెలలకు ఇంట్లో ఆ ఖాళీ తోచనివ్వదు. అప్పుడు పిల్లను పెంచే ఓపిక లేక పెద్ద కుక్క కోసం అడుగుతారు.

తర్వాత, రిటైరైన దంపతులు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు లాయర్‌పేటలోనో ఇల్లు పెద్దది, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, ఇద్దరే మనుషులు. నెమ్మదైన పెద్ద కుక్కకు ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే కూతురి కాన్పుకని ఆరు నెలలు విమానం ఎక్కితే కుక్క ఎక్కడుంటుందో మొదటి రోజే తేల్చుకోవాలి. పొదలకూరు వైపు నిమ్మతోటల్లో కాపురం ఉండే కుటుంబాలు కూడా మంచి ఇళ్లే. తోటలో మనుషులు కాపురం ఉంటేనే సుమా, తోట మాత్రమే ఉంటే కాదు.

ఏప్రిల్, మే నెలల్లో అడిగేవాళ్లతో కాస్త ఆగి మాట్లాడండి. సెలవుల్లో పిల్లలు గోల చేస్తే కుక్క కావాలనుకునే ఇళ్లుంటాయి. జూన్‌లో బడి తెరిచాక దాని పనంతా తల్లి మీద పడుతుంది. ఆ తల్లికి ఇష్టమో కాదో విడిగా కనుక్కోండి. దీపావళికి ముందు వారాల్లో అయితే, చప్పుడుకు భయపడే కుక్కను అసలు ఇవ్వకండి.

5. ఫోన్‌లో మాటలు

ఇక్కడే అసలు వడపోత జరుగుతుంది. కావలి, అల్లూరు, ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చే ఫోన్లు కొన్ని ఇలా ఉంటాయి.

"అన్నా, కుక్కల్ని ఇస్తారంట గదా. మా రొయ్యల గుంటల కాడ కాపలాకి ఒకటి కావాల."

"రాత్రిళ్లు అక్కడ ఎవరుంటారన్నా?"

"కుర్రోడుంటాడు. రొయ్యల పట్టుబడి అయిపోయినాక ఉండడు."

"మరి అప్పుడు కుక్క?"

"ఆడే ఉంటదిలేన్నా."

ఈ ఫోన్ చేసినాయన చెడ్డవాడు కాదు, అబద్ధమూ చెప్పలేదు. ఆయనకు కావలసింది కాపలా, మన కుక్కకు కావలసింది మనుషులు. వాదన పెట్టుకోకుండా, "ఈ కుక్క దానికి పనికిరాదన్నా" అని మర్యాదగా చెప్పేయండి. మాట కలిస్తే ఒక సంగతి చెవిన వేయండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేసి ఉంచడమూ, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను నడకకు తిప్పకపోవడమూ నేరాలే. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల కాపలాకు అడిగినా ఇదే జవాబు.

మిగతావాళ్లను "కుక్కలంటే ఇష్టమేనా?" అని అడిగి లాభం లేదు, అందరూ ఇష్టమే అంటారు. రోజు ఎలా గడుస్తుందో అడగండి. పొద్దున ఎవరు లేస్తారు, కుక్కను ఎవరు తిప్పుతారు? పండక్కి ఊరెళితే అన్నం ఎవరు పెడతారు? సొంత ఇల్లా, అద్దె ఇల్లా? ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు మీద నాకు చాలా గురి. "పన్నెండేళ్లు ఉండి పోయింది" అనేవాళ్లున్నారు, "ఎవరికో ఇచ్చేశాం" అనేవాళ్లున్నారు, "ఎటో పోయింది" అనేవాళ్లూ ఉన్నారు. మూడో జవాబు వచ్చినప్పుడు ఎలా పోయింది, ఎన్ని రోజులు వెతికారు అని తప్పకుండా అడగండి.

ఇంట్లో పెద్దావిడ మడి పాటిస్తుంటే అది దాచాల్సిన విషయమూ కాదు, ఇవ్వకపోవడానికి కారణమూ కాదు. కుక్క వరండా దాకానా, హాలు దాకానా, వంటింటి గడప దాటకూడదా, ఇవి ముందే అనుకుంటే సరిపోతుంది. ఇంటిల్లిపాదీ ఒకే గీత పాటిస్తే కుక్క కొద్దిరోజుల్లోనే నేర్చుకుంటుంది. ఒకరు రమ్మని, ఒకరు పొమ్మంటే మాత్రం దానికి అర్థం కాదు, తన్నులు తింటుంది. అందుకే ఇంట్లో అందరితో ఒకసారైనా మాట్లాడకుండా మాట ఇవ్వకండి.

6. ఇల్లు చూడటం

ఎంత తెలిసినవాళ్లయినా వెళ్లి చూడాల్సిందే. గేటు కింద సందు ఎంతుంది, గేటు ఊచల మధ్య తల పడుతుందా? మేడ మీద పిట్టగోడ ఎంత ఎత్తు? తోటయితే నేల బావికి ఒరలున్నాయా, పురుగుమందు డబ్బాలు, ఎలుకల మందు ఎక్కడ పెడతారు? ఇల్లు హైవేను ఆనుకుని ఉంటే, భయపడి పరిగెత్తే కుక్కను అక్కడికి ఇవ్వకండి.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఈ కుక్క ఎక్కడ పడుకుంటుందో చూపించమనండి. రేకుల షెడ్డు చూపిస్తే మధ్యాహ్నం రెండింటికి మీరే ఒకసారి అందులో నిలబడి చూడండి. అలాగే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వానలకు తడవని చోటు ఉండాలి.

అద్దె ఇల్లయితే యజమానితో మీరే మాట్లాడండి. "ఆయనేం అనడులెండి" అన్న మాట చాలదు. అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కల్ని సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. అవసరమైతే ఆ కాగితం చేతిలో పెట్టండి. కానీ చట్టం మన వైపున్నా రోజూ లిఫ్టులో ఎదురయ్యేది పక్క ఫ్లాట్‌వాళ్లే కదా. కుక్క వచ్చే ముందు ఆ ఇంటివాళ్లే వెళ్లి వాళ్లకు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

7. అప్పగించడం

ముందు రెండు వారాల కోసమని ఇవ్వండి. ఆ గడువులో ఏ కారణంతో తిరిగిచ్చినా తప్పు పట్టబోమని ముందే చెప్పండి. ఈ భరోసా ఉంటేనే జనం నిజం మాట్లాడతారు. అది లేక మొహమాటంతో దాచి దాచి, చివరికి ఒక రాత్రి ఊరవతల వదిలేసినవాళ్లున్నారు. ఆకలికి, దాహానికి అలమటించేలా జంతువును వదిలేయడం కూడా అదే సెక్షన్ 11 కింద నేరమేనని ఒప్పంద కాగితంలో రాయండి. కట్టేసి ఉంచం, ఏటా రేబిస్ టీకా వేయిస్తాం, ఇంకొకరికి మీకు చెప్పకుండా ఇవ్వం, ఉంచుకోలేకపోతే మీకే తిరిగిస్తాం అన్న మాటలుండాలి. ఆధార్ కాపీ, ఇద్దరి సంతకాలు, తెలిసినవాళ్ల నంబరు ఇంకొకటి. ఇవి అడిగినందుకు నొచ్చుకునేవాళ్లకు ఇవ్వకపోవడమే మేలు.

తీసుకెళ్లడం కారులో, పొద్దున్నే. పిరికి కుక్కకు మెడ బెల్టు ఒక్కటే నమ్మకండి, వెనక్కి గుంజితే తల జారిపోతుంది. ఒంటికి వేసే బెల్టుకు ఒక చైను, మెడ బెల్టుకు ఒకటి, రెండూ ఒకే మనిషి చేతిలో. ఇంటి గేటు మూశాకే కారు తలుపు తీయాలి. షెల్టర్‌లో అది పడుకున్న గోనెపట్టా ఉతక్కుండా వెంట పంపండి. తెలిసిన వాసన ఒకటైనా ఉంటే కొత్త చోట పడుకుంటుంది.

ఇంటివాళ్లకు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలల లెక్క చెప్పండి. మొదటి మూడు రోజులు సరిగ్గా తినకపోవచ్చు, మంచం కింద నుంచి రాకపోవచ్చు. మూడు వారాలకు ఇంటి వేళలు తెలుస్తాయి, అప్పుడే దాని అసలు అలవాట్లూ బయటపడతాయి. తనది ఈ ఇల్లేనని నమ్మడానికి మూడు నెలలైనా పడుతుంది. ఇది అంచనా మాత్రమే, పిరికి కుక్కకు ఇంకా పట్టొచ్చు. మొదటి వారం చుట్టాల్ని, పక్కింటి పిల్లల్ని పిలిచి చూపించకూడదు, స్నానం చేయించకూడదు, చైను లేకుండా బయటికి తీసుకెళ్లకూడదు. షెల్టర్‌లో తిన్న తిండే మొదటి వారమంతా పెట్టాలి. ఉల్లిపాయ వేసిన కూర, ఉడికించిన కోడి ఎముకలు, చాక్లెట్, ద్రాక్ష వద్దని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించి రండి.

8. ఆ తర్వాత

మర్నాడు ఫోన్ చేయండి, వారానికి చేయండి, నెలకు ఇంటికి వెళ్లండి. "బాగుందా?" అంటే బాగుందనే అంటారు. "రాత్రి ఎక్కడ పడుకుంటోంది? మిమ్మల్ని చూసి గుర్రుమందా?" అని అడిగితే సంగతి తెలుస్తుంది. గుర్రుమంటే కొట్టొద్దని చెప్పండి. అది కరవకముందు చేసే హెచ్చరిక, కొట్టి మాన్పిస్తే ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది. దీపావళికి వారం ముందు, వినాయక నిమజ్జనం డీజేలకు ముందు మీరే గుర్తు చేయండి: కిటికీలు మూసిన గది, ఫ్యాన్ చప్పుడు, పక్కన ఒక మనిషి.

ఒకవేళ తిరిగొస్తే, ఎందుకు వచ్చిందో వివరంగా అడిగి నోటుబుక్‌లో రాయండి. ఇంట్లో అది ఎలా ఉందో మీకు అంతవరకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. తర్వాతి ప్రకటనలో ఆ సంగతులు చేర్చండి.

నెలలు గడిచినా ఎవరూ అడగకపోతే, శాశ్వతంగా పెంచుకునే ఇల్లు కాకుండా కొన్నాళ్లు ఉంచుకునే ఇల్లు వెతకండి. తిండి, మందుల ఖర్చు షెల్టర్ పెట్టుకుంటే, చోటు ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్లు కొందరైనా దొరుకుతారు. సోఫా పక్కన పడుకున్న ఫొటో, గుమ్మంలో ఎదురుచూస్తున్న వీడియో షెల్టర్‌లో ఎన్నాళ్లున్నా రావు, అవి ఆ ఇంట్లోనే వస్తాయి. వాటితో ప్రకటన మళ్లీ కొత్తగా రాసి, ముందు వెళ్లిన డాక్టర్ల దగ్గరికే ఇంకోసారి వెళ్లండి.